ఎచ్చెర్లలో కుందేలు, పాతపట్నంలో ముద్ద

పొద్దుటే కొండబాబు అరుగు మీద కూర్చుని ముందు గుప్పెడు గరిక నమిలేవాడు. తరవాతే చోడి అంబలి. ఎచ్చెర్ల పక్కన ఆ ఊళ్లో అది చూసి ఎవరూ నవ్వేవారు కాదు. ఎందుకు నవ్వుతారండీ? ఆ గరిక అతనిది కాదు, పెరట్లో గంప కింద ఉన్న తెల్లకుందేలు ముత్యాలుది. అరసవిల్లి తిరునాళ్లలో కొన్న నాటినుంచీ ముత్యాలు నోరు కదిపి ఏదీ తినలేదు. కొండబాబు తినే మొదటి గుప్పెడు దాని కడుపులోకి పోతుంది, తరవాతది అతని కడుపులోకి. ఓసారి మరిచిపోయి ఎండుచేపల పులుసుతో మొదలుపెట్టాడు. మూడు రోజులు ముత్యాలు కాళ్లు బారజాపి పడుకుంది, పాపం! ఏనుగుకి తొండమిచ్చిన దేవుడే దీనికి కొండబాబు నోరిచ్చాడు. ఆయన లెక్కలు మనకెందుకు?

అరవై ఎనిమిదిలో, శ్రావణమాసం. కొండబాబుకి తండ్రి లేడు, మాటకి మేనమామ అప్పలసూరే పెద్ద. ఆయన వచ్చి, "ఒరే, పాతపట్నంలో జగన్నాధం కూతురున్నాది. పొద్దున్నెల్లి సందేలకి ఒచ్చెద్దుం, పద" అన్నాడు.

తల్లి అసిరమ్మ మధ్యాహ్నం కోసం గరిక తువ్వాల్లో మూటకట్టి ఇచ్చింది. బస్సులో పక్కనున్న మేక ఆ గరికని తువ్వాలుతో సహా నమిలేసింది.

"మేకని బస్సెక్కించింది ఎవుల్రా!" అని అప్పలసూరి అరిచాడు. బస్సంతా కిటికీల్లోంచి బయటికి చూసింది.

ఇక్కడొక కట్టుబాటు చెప్పాలి మీకు. పిల్లని చూడబోయినవాళ్లు మాట ఇచ్చేదాకా ఆ ఇంటి తిండి ముట్టకూడదు. ముట్టారా, సంబంధం ఖాయం!

పిల్ల పేరు చిన్నతల్లి. మర్నాటి శుక్రవారం పూజకి పసుపు నూరుతూ నూరుతూ, పిలవగానే ఆ చేతులతోనే వచ్చి కూర్చుంది. కొండబాబుకి తల వంచుకోవాలని కూడా తోచలేదు. అంత నచ్చింది! కానీ మావకి నచ్చాలంటే బల్లి పలకాలి.

"మా ఇంట ఏ పెళ్లయినా గోడ మీద బల్లి పలికినాకే" అని అప్పలసూరి రాయిలా కూర్చున్నాడు. జగన్నాధం గోడ మీద మూడు బల్లులున్నాయి. మూడూ మౌనవ్రతం పట్టాయి.

సాయంత్రానికి వాన విరుచుకుపడింది. మహేంద్రతనయ ఏరు పొంగింది, రేపటిదాకా బస్సు లేదన్నారు. కొండబాబు లేచి నిలబడ్డాడు.

"మావా, ముత్యాలు పొద్దున్న తిన్నదే! రేపటిదాకా పస్తుంటే సచ్చిపోతాది!"

"ఎల్లి ఆ గట్టు మీద గరిక పీక్కుని తినరా."

"ఆ గట్టు ఎవులదనుకున్నావు? ఊరి సివరిదాకా జగన్నాధం మావదే. గరికైనా ఆళ్లింటి తిండే!"

"అయితే ఓపిక పట్టు. బల్లి పలుకుతాది."

"బేగి పలకమను మరి!"

తలుపు వెనక గాజులు కదిలాయి. "దానికేటిష్టం?" అంది చిన్నతల్లి.

"సిలగడదుంప ఆకు" అన్నాడు కొండబాబు.

అంతే, ఆ పిల్ల వానలోకి పరుగెత్తింది! కంచె మీది తీగ నుంచి లేతాకులు కోసి, తడిసిన జుట్టుతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇది తిన్నావంటే మరి ఎనక్కి తిరగడం లేదు. సూసుకో."

"ఒరే, ఆగరా! బల్లి!" అని అప్పలసూరి కేకేశాడు.

"బల్లికి దాని నోరుంది మావా. ముత్యాలుకి నా నోరే గదా ఉన్నాది!"

"సేతికంతా పసుపు" అంది చిన్నతల్లి, వెనక్కి తగ్గుతూ.

కొండబాబు నోరు తెరిచాడు. ఆమె ఆకుల ముద్ద పెట్టింది. పసుపు మూతికంతా అంటింది. అతను నమిలాడు, మింగాడు. అప్పుడు, అమ్మలారా, మూడు బల్లులూ ఒక్కసారే కిచకిచమన్నాయి!

"పలికింది! ఇంకా తినరా, తిను!" అని అప్పలసూరి ఎగిరి గంతేశాడు. జగన్నాధం కళ్లు తుడుచుకుంటూ, "ఇస్తరాకులెయ్యండే!" అని వంటింటికి పరుగెత్తాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి గుమ్మానికి మావిడాకులు కట్టి ఉన్నాయి. వీధి ఆడవాళ్లంతా వాకిట్లో ఉన్నారు.

"కబురు ఎవులు సెప్పినారే నీకు?" అన్నాడు అప్పలసూరి, తెల్లబోయి.

అసిరమ్మ ముత్యాలుని ఎత్తి చూపించింది. కడుపు నిండుగా ఉంది. తెల్లటి మూతి నిండా పచ్చటి పసుపు.

"నిన్న దీపాలేళకి అంటుకున్నాదన్నా. మనింట పసుపు నూరి ఎన్నేళ్లయిందో నీకు తెలీదా? ఏ తల్లో నా కొడుక్కి ముద్ద పెట్టినాదని అప్పుడే అనుకున్నాను."

కుందేలుని గుండెకి హత్తుకుని కొడుకు వైపు తిరిగింది.

"ఇంతకీ నా కోడలి పేరేట్రా?"