ఇంజన్ ఆపని అరగంట

ఆ షెడ్డు మెకానిక్‌ను అందరూ టర్బో బాబాయి అనేవారు. పెట్రోలు కార్లకు జోరు పెంచే టర్బో పెట్టడం కొత్తగా మొదలైన రోజుల్లో, ఆరు సిలిండర్ల ఇంజన్‌తో వచ్చిన ఖరీదైన కార్లను ఊళ్లో విప్పి బిగించగలిగింది అతనొక్కడే. ఇప్పుడు అలాంటి కారు ఒక్కటే మిగిలింది. అది ప్లీడరుగారిది. ఆయన పోయి ఏడాదైంది.

ఆ ఉదయం ప్లీడరుగారి భార్య తనే కారు నడుపుకుంటూ వచ్చింది. సైలెన్సర్‌లోంచి నీలం పొగ.

"ఆయన ఉన్నన్నాళ్లూ కిమ్మనలేదయ్యా ఈ బండి. నా చేతికొచ్చాకే మొరాయిస్తోంది."

బాబాయి బానెట్ ఎత్తి, గొట్టం విప్పి చూశాడు. టర్బో లోపలి చక్రం వదులై ఊగుతోంది. బేరింగ్ దగ్గర ఆయిల్ మాడి బొగ్గయింది.

"ఇల్లు చేరగానే తాళం తిప్పేస్తున్నారా అమ్మా?"

"మరి? చేరాక ఇంకేం పని?"

"ఇంజన్ వదిలే వేడి పొగతోనే ఈ చక్రం తిరుగుతుందమ్మా. నిప్పులా కాలిపోతుంటుంది. ఠక్కున ఆపేస్తే ఆయిల్ కదలక అక్కడే మాడిపోతుంది. కాసేపు ఊరికే తిరగనిచ్చి ఆపాలి. అయ్యగారికి మొదట్లోనే చెప్పాను."

ఆమె ముక్కాలిపీట మీద కూలబడింది.

"రోజూ గుమ్మం ముందు కారు పెట్టి, దిగకుండా అందులోనే కూర్చునేవారు. ఇంజన్ ఆడుతూనే ఉండేది. నేను కిటికీలోంచి చూసేదాన్ని. నా మొహం చూడబుద్ధి కావట్లేదేమో అనుకునేదాన్ని. ఇరవై రెండేళ్లయ్యా! ఒక్కమాట చెబితే ఆయన సొమ్మేం పోయేది?" నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "అరగంట కూర్చునేవారు. అంతసేపు పడుతుందా?"

రెండు నిమిషాలు చాలు. ప్లీడరుగారికి బాబాయి చెప్పిందీ అదే. చేతిలోని స్పానర్‌ను గుడ్డతో తుడిచిందే తుడిచాడు.

"పాత ఇంజన్ కదమ్మా... ఒక్కోసారి పడుతుంది."

ఆమె అతని మొహంలోకి చూసింది.

"అబద్ధమాడటం నీకు చేతకాదయ్యా," అంది మెల్లగా. "పర్లేదు. బండి బాగుచెయ్యి."

నాలుగు రోజులు పట్టింది. బేరింగ్ ఎక్కడా దొరక్క, లేత్ మిషన్ మీద తనే తయారుచేసుకున్నాడు. ఐదో రోజు ఆమెకు స్టీరింగ్ ఇచ్చి పక్కన కూర్చున్నాడు. ఖాళీ రోడ్డు మీద, "గట్టిగా తొక్కండమ్మా," అన్నాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత సన్నగా ఈలవేస్తూ బండి ముందుకు దూకింది. ఆమె ఉలిక్కిపడి, పకపకా నవ్వింది.

"ఇలా పరిగెడుతుందా ఇది! నన్నెక్కించుకుని ఎప్పుడూ ఇంత జోరుగా పోలేదయ్యా ఆయన."

షెడ్డు ముందు అతన్ని దించింది. పని లేకపోయినా అప్పుడప్పుడూ వస్తూ ఉండమని చెబుదామనుకున్నాడు బాబాయి. నోరు పెగిలేలోపే కారు మలుపు తిరిగింది.