నన్ను లాగి చూపించమన్నారు

నేను ఒక ఫిరంగిని. కోట బురుజు మీద కూర్చుని పర్యాటకులతో ఫొటోలు దిగే రకం కాదు లెండి. నాకు ఎనిమిది చక్రాలున్నాయి, సొంత ఇంజనుంది, ముందువైపు క్యాబిన్, అందులో కంప్యూటరు. నన్నెవరూ లాగక్కర్లేదు, తొయ్యక్కర్లేదు. తారురోడ్డు మీద గంటకు ఎనభై కిలోమీటర్లు పోతాను. చెప్పినచోట ఆగి, వెనకున్న ఇనుప పాదాలు నేలకు దించి, ముప్పై కిలోమీటర్ల అవతల గుండ్లు పడేసి, పాదాలు ఎత్తుకుని నా దారిన వెళ్ళిపోతాను. నా కథ ఇంతే కావలసింది. కానీ మనుషుల చేతిలో పడ్డాక ఏ కథైనా ఇంతలో తెములుతుందా?

హైదరాబాదు శివార్లలో ఒక కార్ఖానా షెడ్డులో పుట్టాను. పుట్టకముందే నా గురించి రెండేళ్ళు కొట్టుకున్నారు. ట్యాంకుకున్నట్టు ఇనుప పట్టీలుండాలని కొందరు, లారీకున్నట్టు చక్రాలుండాలని కొందరు. పట్టీల బండి బురదలో బాగానే పోతుంది, ఒప్పుకుంటాను. కానీ అది రోడ్డెక్కితే తారంతా లేచిపోతుంది, దూరం పోవాలంటే దాన్ని మోయడానికి ఇంకో బండి కావాలి. ఈ సంగతి మొదటిరోజే చెప్పింది వైదేహి. నా బొమ్మ గీసిన ఇంజనీరు ఆవిడే, వరంగల్లు మనిషి. చెప్తే వినాలిగా! రెండేళ్ళు వాదించుకుని, విదేశాలు తిరిగొచ్చి, చివరికి ఆవిడ చెప్పిందే తామే కనిపెట్టినట్టు రాసుకున్నారు.

తర్వాతైనా కుదురుగా ఉన్నారా? ఒక ఏడు వచ్చి గుండు ఇంకా దూరం పోవాలన్నారు. సరే, గొట్టం పొడుగు చేశారు. మరుసటి ఏడు వచ్చి బరువెక్కువైంది, తగ్గించమన్నారు. బరువు తగ్గిస్తే కాల్చినప్పుడు ఊగుతోందన్నారు. ఊగక ఏం చేస్తాను? జూన్ నెలలో ఎడారికి తీసుకెళ్ళారు, క్యాబిన్లో కూర్చుంటే ఒళ్ళు పొక్కిపోయే వేడి. జనవరిలో మంచుకొండ ఎక్కించారు, అక్కడ గాలి చాలక నా ఇంజను దగ్గింది. రెండుచోట్లా నెగ్గి తిరిగొస్తే, పరీక్షలు జరిగిన ఏడాదికీ కాగితాల మీది ఏడాదికీ పొంతన లేదని మళ్ళీ అదే ఎడారి, మళ్ళీ అదే కొండ. తలప్రాణం తోకకొచ్చిందనుకోండి. ఇలా మొదటి వాదనలతో కలిపి తొమ్మిదేళ్ళు గడిచాయి. వైదేహి జుట్టు సగం నెరిసింది.

ఆఖరి పరీక్షకు నన్ను ఒక ఫిరంగిదళానికి అప్పగించారు. నా మీద పనిచేసే అయిదుగురికి నాయకుడు సుబేదార్ గొర్లె అప్పలసూరి, శ్రీకాకుళం వైపు మనిషి. రిటైరు కావడానికి నెలరోజులే ఉంది. పోయేటప్పుడు గౌరవ లెఫ్టినెంటు హోదా ఇచ్చేవాళ్ళ జాబితాలో ఆయన పేరుంది. మామూలుగా అలాంటి మనిషి ఆ నెలరోజులూ టీ తాగుతూ గడిపేస్తాడు. ఈయన తెల్లారకముందే వచ్చి నా చక్రాలన్నీ తట్టి చూసేవాడు. దించు, కాల్చు, ఎత్తు, కదులు అని తన మనుషుల చేత రోజుకు నలభైసార్లు చేయించేవాడు. చేతిలో ఎప్పుడూ గడియారమే. నాకు విసుగొచ్చి ఇంజను మొరాయించినా వదిలేవాడు కాదు.

ఎందుకంత పట్టుదలో ఒక మధ్యాహ్నం నా నీడలో కూర్చుని వైదేహికి చెప్పాడు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన కొండల్లో యుద్ధానికి వెళ్ళాడు. అప్పటివి లాగుడు ఫిరంగులు. కాల్చాక వాటి కాళ్ళు మట్టిలోంచి పెకలించి, దగ్గరికి చేర్చి, లారీని వెనక్కి తెచ్చి, కొక్కేనికి తగిలించి అప్పుడు కదలాలి. శత్రువు రాడారు ఊరుకుంటుందా? మన గుండు గాలిలో ఉండగానే అదెక్కడినుంచి వచ్చిందో పసిగడుతుంది. అయిదారు నిమిషాల్లో బదులు వచ్చిపడుతుంది. ఆరోజు కొక్కెం మేకు బురదతో బిగుసుకుపోయింది. ఆయన స్నేహితుడు కూర్మారావు వంగి సుత్తితో దాన్ని కొడుతున్నాడు. ఆరో నిమిషంలో గుండ్లు పడ్డాయి. కూర్మారావు ఆ కొక్కెం దగ్గరే పోయాడు. ఈ వేసవికి అప్పలసూరి దళం మళ్ళీ సరిహద్దుకు పోవాలి. నేను నెగ్గితే నాలాంటివాటికి ఆర్డరు పడుతుంది. నెగ్గకపోతే దళంలో కుర్రాళ్ళు ఇంకెన్నేళ్ళో ఆ పాత ఫిరంగులే లాక్కుంటూ తిరగాలి. అదీ ఆయన తొందర.

పరీక్షరోజు వచ్చింది. గడువు నాలుగు నిమిషాలు. ఆగిన క్షణంనుంచి ఆరు గుండ్లు కాల్చి బయల్దేరేదాకా నాకు పట్టింది రెండు నిమిషాల నలభై సెకన్లు. కుర్రాళ్ళు ఒకర్నొకరు కావలించుకున్నారు. వైదేహి అద్దాలు తీసి తుడుచుకుంది. నాకూ గర్వంగానే ఉంది, దాచడమెందుకు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారి ఒక కాగితం రూపంలో వచ్చాడు. అది పరీక్షల ఫారం. ఎప్పుడో లాగుడు ఫిరంగుల కాలంలో అచ్చువేశారు. అందులో ఇరవై ఏడో గడిలో ‘లాగు బండికి తగిలించుటకు పట్టిన సమయం’ అని ఉంది. కమిటీ ఛైర్మన్ పెన్ను అక్కడ ఆగింది. ఇది తనంతట తానే పోతుంది సార్, లాగే పని లేదని వైదేహి చెప్పింది. ఆయనకూ ఆ సంగతి తెలుసు, తెలియకేం! కానీ ఖాళీ గడి ఉంటే ఫైలు కదలదట. వర్తించదు అని రాస్తే ఎందుకు వర్తించదో వివరించమని పైనుంచి అయిదు నెలలకు తిరిగొస్తుందట. ఏదో ఒక అంకె పడితే గొడవ వదిలిపోతుందన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్న పెద్దమనిషి ఈయన వంశంలోనే పుట్టుంటాడు.

నా ముందువైపు ఒక ఇనుప కొక్కెం అతికించారు. ఎక్కడినుంచో ఒక లారీ తెచ్చారు. ఎనిమిది చక్రాలూ, సొంత ఇంజనూ ఉన్న నన్ను తగిలించి లాగారండీ! నా సిగ్గు సంగతి సరే, తగిలించిందెవరో చూశారా? అప్పలసూరి. కుర్రాళ్ళెవర్నీ రానివ్వకుండా తనే వంగి మేకు దించాడు. ముప్పై టన్నుల నన్ను ఆ లారీ ఒక పట్టాన కదపలేకపోయింది. అంతా అయ్యేసరికి పదమూడు నిమిషాల ఇరవై సెకన్లు. గుమాస్తా ఆ అంకె ఇరవై ఏడో గడిలో రాశాడు. రాసి ఊరుకున్నాడా? ఫారం అడుగున ‘మొత్తం’ అని ఇంకో గడి ఉంది. రెండూ కలిపాడు. పదహారు నిమిషాలు. గడువు నాలుగు. ఫలితం: అనుత్తీర్ణం.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరుంటే ఆరోజు గుండ్ల బదులు తిట్లు కురిపించేదాన్ని. అందరూ గొణిగారు, తప్పేనన్నారు, కానీ ఫారం ఫారమేనన్నారు. ఛైర్మన్ సంతకం చేశాడు. ఇక బండి నాయకుడి సంతకమొక్కటే మిగిలింది.

వైదేహి అప్పలసూరిని పక్కకు పిలిచింది. “సంతకం పెట్టెయ్యండి సుబేదార్ గారూ. నేను ఢిల్లీ వెళ్ళి మాట్లాడతాను. వాళ్ళతో పేచీ పెట్టుకుంటే మీ పేరు జాబితాలోంచి తీసేస్తారు.”

ఆయన కాగితం వంక చూశాడు గానీ పెన్ను అందుకోలేదు. “గుండు తిరిగొచ్చీడానికి ఆరు నిముషాలమ్మా. ఇందులో పదారని రాసినారు. పదారో నిముషంలో సంతకం ఎట్టడానికి ఎవుడుంటాడు? ఇది నాను ఒప్పుకున్నానంటే కూర్మారావు సావుకీ ఒప్పుకున్నట్టే. నాను ఎట్టను.”

ఇరవై ఎనిమిదేళ్ళ నౌకరీలో ఆయన కాదన్నది అదే మొదటిసారి. ఛైర్మన్ బతిమాలాడు, తర్వాత గద్దించాడు. ఆయన సెల్యూట్ చేసి నిలబడ్డాడు తప్ప చెయ్యి కదపలేదు. ఇప్పుడేమైందో తెలుసా? సంతకం గడి ఖాళీ. ఖాళీ గడి ఉంటే ఫైలు కదలదు కదా! వాళ్ళ రూలు వాళ్ళ కాళ్ళకే చుట్టుకుంది. గత్యంతరంలేక ఎందుకు పెట్టవో రాసిమ్మన్నారు. ఆయన రాసిచ్చాడు, ఒకటే పేజీ. ఆ పేజీతో సహా ఫైలు పైకి పోయింది. పైన ఎవరో ఒక బుద్ధిమంతుడు దాన్ని చదివినట్టున్నాడు. పాత ఫారం పక్కన పడేసి మళ్ళీ పరీక్ష పెట్టమని ఆర్డరొచ్చింది. అప్పటికి అప్పలసూరి రిటైరై ఊరెళ్ళిపోయాడు, సుబేదారుగానే. జాబితాలో ఆయన పేరు లేదు.

ఈసారి నెగ్గాను. ఇంకో రెండేళ్ళకు నా తమ్ముళ్ళు ఆయన దళానికే చేరారు. నేను మాత్రం శిక్షణ మైదానంలో ఉండిపోయాను. రోజుకో బ్యాచ్ వచ్చి నా పాదాలు దించి ఎత్తుతుంది. ఒకడు తప్పు మీట నొక్కుతాడు, ఇంకొకడు నా మెట్టు మీద టిఫిను డబ్బా మర్చిపోతాడు. ఏం చేస్తాం, భరిస్తున్నాను.

మొన్న వైదేహి వచ్చి నా మెట్టు మీద కూర్చుంది. సరిహద్దులో కాల్పులు జరిగాయని ఆమెకు కబురందింది. శ్రీకాకుళానికి ఫోను చేసి స్పీకర్ పెట్టింది. మనవాళ్ళు ఆరు గుండ్లు కాల్చి కదిలారని, ఆరో నిమిషంలో బదులు గుండ్లు సరిగ్గా అదేచోట పడ్డాయని చెప్పింది.

“ఆ కాడ ఎవురున్నారమ్మా?” అన్నాడు అప్పలసూరి.

“ఎవరూ లేరు సుబేదార్ గారూ.”

అవతల ఆ పెద్దాయన వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. వైదేహి ఫోను పెట్టెయ్యకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. గుండు పడేచోట మనిషి లేకుండా చెయ్యడానికి ఈ మనుషులకు పదకొండేళ్ళు పట్టింది.