సోమవారం జ్వరం

జములమ్మ ముక్కుకు చుట్టుకున్న పాత చీరగుడ్డను బిగించి, మళ్లీ చేతుల నిండా పత్తి తీసి మిషన్లో వేసింది. అచ్చంపేట దారిలోని ఈ మిల్లుకు ఎన్నేళ్లుగా వస్తోందో ఆమే మరిచిపోయింది. కనుబొమల మీద, చెమట పట్టిన మెడ మీద తెల్లటి నూగు పేరుకుంది. దగ్గితే పక్కటెముకలు పట్టేస్తున్నాయి.

ఆదివారం మిల్లుకు సెలవు. సోమవారం పనిలోకి దిగితే చాలు, మధ్యాహ్నానికి ఛాతీ బిగుసుకుని, సాయంత్రానికి ఒళ్లు కాలిపోయేది. మంగళవారానికి తగ్గిపోయేది. అందుకే ఆమెకు దుమ్ము మీద కోపం లేదు, సెలవు మీదే. పాడు ఆదివారం! దవాఖానలో డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. దుమ్ము లోపలికి పోగానే ఒళ్లు దాంతో కొట్లాడుతుందట, ఆ కొట్లాటే జ్వరమట. రోజూ కొట్లాడి అలిసి ఊరుకుంటుందట, ఒక్కరోజు తెరిపి దొరికితే మళ్లీ లేస్తుందట. పని మానేయమంది. మానితే ఇంకెవరు పిలుస్తారు? మోకాళ్లు వంగవు, చేనుపనికి పోవడం ఆమె వల్ల కాదు.

పోయిన సోమవారం ఆమె వణుకుతూ పడుకోవడం మేస్త్రి వెంకటన్న చూశాడు.

"ఇంకోసారి జరమొస్తే పనికి రాకవ్వా. ఏమన్నయితే నా మీదికొస్తది" అన్నాడు. చెడ్డవాడేం కాదు, భయపడ్డాడు.

ఇవాళ మళ్లీ సోమవారం. జ్వరం మాత్ర కొంగున ముడేసుకుని వచ్చింది. పొద్దుటినుంచి నుదురు తడుముకుంటూనే ఉంది. మధ్యాహ్నం దాటినా చల్లగానే ఉంది. ఊపిరి మాత్రం సగంలో ఆగిపోతోంది. పెదవులు నల్లబడ్డాయి, అవి తనకు కనబడవు కదా.

పక్కన పనిచేసే లలితమ్మ చూసింది. "ఏందక్కా, గట్లున్నవ్? ఇంటికి పోరాదు."

జములమ్మ ఆమె చెయ్యి లాక్కుని నుదుటి మీద పెట్టుకుంది. "జూడు, ఎంత సల్లగున్ననో! దుమ్ము నాకు అలవాటైంది లలితా. ఇగ నన్నెవరు పొమ్మంటరు?"

ఆ చెమట చల్లదనానికి లలితమ్మ గుండె ఝల్లుమంది. కానీ జములమ్మ నవ్వుతోంది. లలితమ్మ చెయ్యి తీసుకుని మళ్లీ పత్తి అందుకుంది.

చాయ్‌కి మిషన్ ఆపారు. "జర కూసుంట" అని జములమ్మ పత్తికుప్పకు ఆనుకుంది. మిషన్ మళ్లీ మొదలైనా లేవలేదు. కేకలేయడానికి వచ్చిన వెంకటన్న ముందు నుదురు ముట్టి చూశాడు. జ్వరం లేదు. తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టి, అక్కడే కూలబడ్డాడు.

మోసుకెళ్లే ముందు లలితమ్మ ఏడుస్తూ ఆమె కొంగు సర్దింది. ముడి పొద్దున వేసినట్టే ఉంది, లోపలి మాత్ర గట్టిగా వేళ్లకు తగిలింది.