మర బిగిసిన చెంబు

...అయినా పగ పట్టడానికి పామే కావాలా? నేను ఒక మరచెంబును. రాగి ఒళ్లు, మెడకు మర, దాని మీద మూత. అజ్జరంలో ఒక కంచరి నన్ను సాగగొట్టి, మూత బిగించి, తలకిందులు చేసి చూశాడు. "ఇక బోర్లా పడ్డా చుక్క కారదు" అని మురిసిపోయాడు.

నన్ను కొన్నది పోస్ట్‌మాన్ తాతబ్బాయి. ఉత్తరం ఆలస్యమైతే ఊరంతా అతన్నే తిట్టేది. అతను నా మూత తిప్పి, రెండు గుక్కలు తాగి, అప్పుడు జవాబిచ్చేవాడు. ఎంత ఓర్పో అన్నారు జనం. అందులో సగం నాదని ఎవరూ అనలేదు.

అతను పోయాక కూతురు సుభాషిణి టీచరు చేతికొచ్చాను. పదో తరగతి పేపర్లు దిద్దే చోటికి రోజూ నన్ను నిండుగా తెస్తుంది. తాగదు. తాగితే లేవాలి, మరుగుదొడ్డి ఆవరణకు ఆ చివర. ఫ్యాను గాలికి పేపర్లు ఎగరకుండా నన్ను వాటిమీద బరువు పెడుతుంది. సాయంత్రం నా నీళ్లు కరివేపాకు మొక్కకు పోస్తుంది. మరచెంబంటే మరిచిన చెంబు అనుకుందేమో. నన్ను రాయిని చేసింది.

మూడో రోజు పగ పట్టాను. పదకొండింటికి ఎందుకో ఆమె చెయ్యి మూత మీద పడింది. మర బిగబట్టాను. "తర్వాత చూద్దాంలే" అని వదిలేసింది.

ఇక తమాషా చూస్తూ కూర్చున్నాను. పన్నెండింటికి పెదవులు తడుపుకుంది. ఒంటిగంటకు కణతలు నొక్కుకుంది. చదివిన వాక్యమే మళ్లీ చదివింది. తనకు దాహం లేదనే అనుకుంటోంది. దాహం దాహంలా రాదు, ముందు చిరాకులా వస్తుంది. పిల్లల వంకర అక్షరాల్లో ఆమెకు పొగరు కనిపించడం మొదలైంది.

"ముప్ఫై నాలుగు. తప్పింది" అంది, ముఖమైనా తెలియని పిల్ల మీద పాత కక్ష ఉన్నట్టు.

పక్కబల్ల వరహాలమ్మ టీచరు తొంగి చూసింది. "ఒక్క మార్కేనాండీ? ఇంకోసారి చూడకూడదూ?"

"చూసే వేశానండీ. జాలి మార్కులు పంచడానికి నేనేం ప్రసాదం పెడుతున్నానా?"

"అబ్బో, ఇవాళ మీ పేరు మార్చాలి! పొద్దున్నే అనుకున్నాను, ఆ చిలకాకుపచ్చ చీరకి దిష్టి కొట్టేసుంటుందని. ఇంటికెళ్లి ఉప్పుతో దిగదుడిపించుకోండి."

దిష్టట! కడుపునిండా నీళ్లతో నేను ఎదురుగానే ఉన్నాను.

నవ్వుకుంటూ ఉండగానే ఫ్యాను గాలికి ఆ పేపరు చివరి పుట లేచింది. అక్కడ ఒక జవాబు ఉంది. ఎర్ర సిరా తగలనిది. ఆమె ఆ పుట తిప్పనేలేదు.

నా పగ ఈవిడకు కదా తగలాలి? ఆ పిల్ల నన్నెప్పుడు రాయిని చేసింది?

సుభాషిణి కట్ట కట్టడానికి దారం తీసింది. నన్ను పక్కకు జరపబోయి, ఆగింది.

"నాన్న రెండు గుక్కలు తాగిగాని మాట్లాడేవాడు కాదు" అంది, ఎవరితోనో మరి.

మూత పట్టుకుని తిప్పింది. వేళ్లలో పట్టు లేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఇంకోసారి తిప్పింది.

మర వదిలాను.