గంట నాలుకకు తోలు

బలిపీఠం మీది కొవ్వొత్తి స్తంభాలకు కారిన మైనాన్ని మొద్దు చాకుతో గీకుతూనే గంటమ్మ ఒక కన్ను గురువులు అంగీలు మార్చుకునే దుస్తులగది తలుపు మీద వేసి ఉంచింది. లోపల కొత్త అయ్యగారు సొరుగు మూసిన చప్పుడయింది. మూసిన చప్పుడు సరే, తెరిచిన చప్పుడేదీ? అంత మెల్లగా తెరవాల్సిన అవసరం ఏమొచ్చింది?

ఆమె అసలు పేరు ఆ చర్చిలో ఎవరూ పలకరు. భర్త అక్కడ గంట కొట్టేవాడు. ఆయన పోయాక తాడు ఈమె చేతికొచ్చింది, తాడుతోపాటే ఈ పేరూ వచ్చింది. పొట్టి మనిషి, బొంగురు గొంతు. తాడు ఒరుసుకుని అరచేతులు కాయలు కాచాయి. ఇక అనుమానమంటారా, అది ఆవిడకు తోడబుట్టింది. దేవుడొచ్చి వరమిస్తానన్నా ముందు ఎవరు పంపారో కనుక్కునే రకం.

ఆ ఆంగ్లికన్ చర్చిలో మొదటినుంచీ పనిచేసిన గురువుల ఫొటోలు దుస్తులగది గోడకు వరసగా ఉంటాయి. వారానికోసారి ఆమె వాటి దుమ్ము దులుపుతుంది, దులుపుతూ ఒక్కొక్కరినీ విచారిస్తుంది. గడ్డపాయన గంటగోపురం కట్టించాడు. సున్నంలో ఇసుక ఎక్కువ కలపనిచ్చాడు, లేకపోతే గోడ ఎందుకు రాలుతుంది? కళ్ళజోడాయన గులాబీలు పెంచాడు. ప్రసంగం రాసుకోవడానికి బద్ధకించి తోటలో దాక్కునేవాడు. చివరి ఫొటో పెద్దయ్యగారిది. ఆయన పని చాలించుకుని చాలాకాలమైంది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారు, కాస్త నలతగా ఉందని కొత్తాయన చెప్పారు.

పెద్దయ్యగారి మీద ఆమెకున్న ఫిర్యాదు అన్నిటికన్నా పెద్దది. గంటమ్మ దుస్తులగది గోడగడియారాన్ని నమ్మదు, భర్త చేతిగడియారాన్నే నమ్ముతుంది. అది ముందుకు పరుగెత్తుతుందని అందరూ అంటారు. అందరి మాటా ఆమె నమ్మదు. ఆదివారం ఆమె గంట మొదలుపెట్టగానే పెద్దయ్యగారు జేబుగడియారం తీసి, చూసి, ఏదో తిప్పి, మళ్ళీ జేబులో వేసుకునేవారు. తన తప్పులు గుర్తుపెట్టుకుంటున్నారని, ఎప్పుడో కమిటీ ముందు పెట్టి తాడు లాక్కుంటారని ఏళ్ళ తరబడి కాచుకుంది. ఆయన ఒక్కమాటా అనలేదు. అనకపోవడం ఆమెకు మరీ అనుమానం. అందుకే ఆసుపత్రికి చూడ్డానికి కూడా వెళ్ళలేదు.

కొత్తాయన బయటికి వెళ్ళగానే ఆమె సొరుగు లాగి చూసింది. తోలు లేదు.

అది గంట లోపల వేలాడే నాలుకకు ఒకవైపు కట్టే తోలు. ఆ చర్చిలో పనిచేసిన గురువు ఎవరైనా కన్నుమూస్తేనే దాన్ని సొరుగులోంచి తీసి కడతారు. అప్పుడు గంట ఒక దెబ్బ ఖంగుమంటుంది, మరో దెబ్బ దుప్పటి కప్పుకుని పలికినట్టు వినిపిస్తుంది. మిగతావాళ్ళందరికీ మామూలు గంటే.

గంటమ్మకు లెక్క తేలిపోయింది. మొన్న ఈయనే నిచ్చెనెక్కి గంట నాలుక కొలత తీసుకున్నాడు. గోపురంలో మైకు పెట్టి రికార్డు గంట వేయిస్తే సరిపోతుందని కమిటీలో ఎవరో అన్నారట. ముందు తోలు, తర్వాత తాడు, ఆ తర్వాత తను. కనపడినప్పుడల్లా ఎందుకంత వంగి పలకరిస్తాడో ఇప్పుడర్థమైంది. అతి వినయం ధూర్త లక్షణం అని ఊరికే అన్నారా?

చాకు అక్కడే పడేసి వెనకాలే బయలుదేరింది. ఆయన వీధి మలుపులో చెప్పులు కుట్టే కొట్లోకి వెళ్ళి, కాగితం పొట్లంతో బయటికొచ్చి, ఆసుపత్రి వైపు గబగబా నడిచాడు. ఆ కొట్టు ఆమె మరిదిదే. ఆమెను చూడగానే అతను భుజాలు తడుముకున్నాడు.

"ఆయనతో నీకేం బేరం?"

"బేరమేం లేదు వదినా. చెప్పనని మాటిచ్చాను. వేళొస్తే నీకే తెలుస్తుంది."

అయినవాళ్ళు కూడా అటే కలిసిపోయారన్నమాట. ఈరోజు తాడో పేడో తేల్చుకోవాలనుకుంది. తిరిగొచ్చి మిగిలిన మైనమంతా గీకింది, కూర్చునే బల్లలు తుడిచింది, సాయంత్రం ప్రార్థన గంటకు వేళయిందని గోపురం కిందికి వెళ్ళి తాడు పట్టుకుంది. తన చేతినుంచి ఎవరు లాక్కుంటారో చూద్దామని నిలబడింది.

కొత్త అయ్యగారు వచ్చి పొట్లం విప్పారు. పాత తోలు పక్కన అదే కొలతకు కుట్టిన కొత్త తోలు ఉంది.

"పెద్దయ్యగారు మధ్యాహ్నం వెళ్ళిపోయారమ్మా."

ఆమె తాడు వదల్లేదు. నలతేనన్నారు కదా అంది.

"ఆయనే అలా చెప్పమన్నారు. నిజం చెబితే మీరొచ్చి డాక్టర్లను అనుమానిస్తారట. పాత తోలు బీటలు వారింది, తెగితే గంట గొంతు పాడవుతుంది, కొత్తది కుట్టించమన్నారు. మైకు మాట కూడా కమిటీకి ఉత్తరం రాసి ఆపించారు. గంట మీరే కొట్టాలట."

అంటూనే జేబులోంచి గడియారం తీసి కిటికీ గట్టుమీద పెట్టారు.

"ఇది మీకివ్వమన్నారు. ముందుకు నడుస్తోంది, బాగుచేయిస్తానన్నాను. వద్దన్నారు. ఇన్నేళ్ళూ ప్రతి ఆదివారం మీ గంట వినే సరిచేసుకునేవారట."

గంటమ్మ దాన్ని చూసింది, తన చేతిగడియారం చూసుకుంది. ముళ్ళు రెండింటిలోనూ ఒక్కచోటే ఉన్నాయి. ఒక్కసారి వెళ్ళి చూసి ఉంటే ఏం పోయేదని ఆమెకు ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని కొత్త తోలు చేతికి తీసుకుంది. కొత్త అయ్యగారు నిచ్చెన పట్టుకున్నారు. సరిగ్గా పట్టుకున్నారో లేదో ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

తోలు బిగించి దిగొచ్చి తాడు లాగింది. ఒక దెబ్బ ఖంగుమంది, మరో దెబ్బ మెత్తగా వెళ్ళింది. కిటికీ గట్టుమీద పెద్దయ్యగారి గడియారం, గోడగడియారాన్ని వెనక వదిలేసి, ఆమె గడియారంతో పాటే నడుస్తోంది.