డెక్లన్ కుర్చీ

అన్న డెక్లన్ ఫిబ్రవరిలో పోతే, మొహం చెల్లక అంత్యక్రియలకు కూడా రాని ఐలీన్, మార్చి నెలాఖరున మంచు కరిగాక అతని ఇల్లు ఖాళీ చేయడానికి బోస్టన్ వచ్చింది. తీరా చూస్తే గుమ్మం ముందు కారు ఆపడానికి లేకుండా ఎవరో వంటింటి కుర్చీ అడ్డం పెట్టారు.

ఆ ఊళ్లో కారు పెట్టుకోను వీధిలో మంచు తవ్వి ఒళ్లు హూనం చేసుకున్నవాడిదే ఆ చోటు. వాడు గుర్తుగా పెట్టిన కుర్చీ జరిపినవాడి టైర్లలో గాలుండదు. కానీ మంచు పోయాక కుర్చీ తీసేయాలి కదా!

"ఎవరిదీ కుర్చీ? సిగ్గులేదూ?" అని ఐలీన్ హారన్ మోగించింది.

పక్కింటి గ్రోగన్ ముసలమ్మ కిటికీ తెరిచింది.

"అరిచింది చాల్లే పిల్లా! మీ అన్నదే. ఆవేళ పొద్దుటి నుంచీ పార పట్టుకుని తవ్వాడు. నీకు కారే లేదు కదయ్యా, ఎవరికోసం ఈ చాకిరీ అన్నాను. 'కారు పెట్టుకోను చోటుండదని మా చెల్లి రానంటోంది' అన్నాడు. కుర్చీ వేసి, అందులోనే కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. తీసేయడానికి ఈ వీధిలో ఎవరికీ చేతులు రాలేదమ్మా."

చోటుండదన్నది వట్టి సాకు. రావడం ఇష్టంలేక ఫోన్లో నోటికొచ్చింది చెప్పింది.

ఇప్పుడు వీధి నిండా చోటే. ఐలీన్ కారు దిగలేకపోయింది.