ఒకే ఎత్తున రెండు గీతలు

ఆ చలికాలమంతా మా షెడ్డులో రబ్బరు వాసనే. మా ఆయన వేడ్ తన మంచుబండికి ఉన్న బెల్టు ఊడదీసి ఇంకా పొడుగుది ఎక్కిస్తున్నాడు. బండి కింద గిరగిరా తిరిగి దాన్ని ముందుకు తోసే బెల్టు అది. ఎంత పొడుగైతే లోతు మంచులో బండి అంత తేలుతుంది. అది చాలదన్నట్టు ఇంజను జోరు పెరగాలని దానికి టర్బో బిగించాడు. బరువు తగ్గాలని సీటు చెక్కి సన్నం చేశాడు, వెనక బంపరు పీకి మూల పడేశాడు.

నేను మా పాప మేబెల్‌ని చంకనేసుకుని షెడ్డు గుమ్మంలో నిలబడేదాన్ని. లోపలికి వెళితే పెట్రోలు వాసన పిల్లకి పడదేమోనని భయం. వెళ్ళకపోతే వీళ్ళు ఇంకేం పీకేస్తున్నారోనని భయం.

వీళ్ళంటే వేడ్, మా అన్న లైల్. లైల్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఎండు దుప్పి మాంసం నములుతూ ఉండేవాడు. వాడిది భారీ ఒళ్ళు, పాత బండి. కొన్ననాటి నుంచి దానికి నూనె తప్ప ఏదీ మార్చలేదు.

"బంపరు కూడా పీకేశావా? ఇరుక్కుంటే దేన్ని పట్టుకుని లాగమంటావురా నిన్ను, చెవులా?"

"నువ్వు ఆ నమలడం ఆపు బావా, నీ బండి కూడా నాలుగడుగులు పైకి పాకుద్ది."

"కొండ మీద మంచు జారితే?" అన్నాను నేను. ఏ మాట మధ్యలోనైనా నాది ఆ ప్రశ్నే.

వేడ్ గ్రీజు చేత్తోనే ఛాతీ తట్టుకున్నాడు. "ఇక్కడ బీకన్ కట్టుకుంటా. మంచులో కూరుకుపోయినా ఎక్కడున్నానో అది కూసి చెబుతానే ఉంటది. వీపున పార ఉంది. అయినా లైల్ ఉన్నాడుగా!"

నాకు ఆ ఒక్క మాటే మందు. మేబెల్ కడుపున పడి పదకొండో తరగతిలో నేను బడి మానేసినప్పుడు, ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడని రోజుల్లో, నా పక్కన కూర్చుని అన్నం తిన్నవాడు మా అన్నే. లైల్ ఉన్నాడంటే ఉన్నట్టే. శనివారం పొద్దున్నే వాళ్ళ ట్రక్కు మలుపు తిరిగాక ఆ మాటే పైకి అనుకుంటూ గిన్నెలు తోముకునేదాన్ని.

ఫిబ్రవరిలో గట్టిగా మంచు పడి తెరిపిచ్చిన రోజున రెండు బళ్ళనీ ఒకే వాలు మీద పోల్చి చూద్దామన్నారు. నేనూ వస్తానన్నాను. పిల్లకి పాలు ఎంత వేడిగా ఉండాలో మా అత్త అర్మాకి మళ్ళీ మళ్ళీ చెబుతుంటే ఆవిడ నన్ను తలుపు బయటికి నెట్టింది. "నలుగుర్ని పెంచానమ్మా, ఒక్కడూ చచ్చిపోలేదు. వెళ్ళు!"

లైల్ వెనక కూర్చుని, కలప లారీల దారి వెంట మంచుబళ్ళ క్లబ్బు వాళ్ళ గుడిసె దాకా వెళ్ళాను. అక్కడ పొయ్యి చూసుకునే ముసలి డుయేన్ నాకో కప్పు కాఫీ ఇచ్చాడు. ఎదురుగా వాలు, గీత పడని తెలుపు. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు కింద నిలబడి చూడాలి. అది అందరికీ ఉన్న కట్టుబాటే.

ముందు లైల్ వెళ్ళాడు. సగం వాలు ఎక్కేసరికి బండి వెనక భాగం కూరుకుపోసాగింది. వాడు తెలివిగా పక్కకి తిప్పి దిగొచ్చేశాడు. ఎక్కిన మేర కొండ మీద వంకీ గీత మిగిలింది.

"ఈ బండి ముసల్దయ్యిందిరా లైల్, నాలాగే" అన్నాడు డుయేన్.

తర్వాత వేడ్. ఆ అరుపు, ఆ వేగం! లైల్ గీసిన గీతని దాటాడు, చెట్ల వరస దాటాడు, గట్టు అవతలికి మాయమయ్యాడు. డుయేన్ ఈల వేశాడు. నేనూ చప్పట్లు కొట్టాను. అప్పుడు ఇంజను చప్పుడు టక్కున ఆగింది.

నా చేతిలోని వాకీటాకీలో వేడ్ నవ్వు వినిపించింది. "ఇరుక్కున్నా. దేవదారు మొదట్లో గుంతలో పడ్డా. కాలు బండి కింద ఉంది." మళ్ళీ వచ్చిన గొంతులో నవ్వు లేదు. "కొమ్మల మీది మంచు జారి పడతా ఉంది టెస్. లైల్ ఏడీ?"

"ఇక్కడే ఉన్నాడు."

అన్నాకగానీ నేనేమన్నానో నాకు అర్థం కాలేదు. ఇక్కడే ఉన్నాడు. నా పక్కన. కొండ కింద.

లైల్ అప్పటికే బండి ఎక్కేశాడు. వేడ్ జాడలోనే పోనిచ్చాడు. సగంలోనే బండి కూరుకుంది. తవ్వుకుని కిందికి వచ్చి మళ్ళీ పోనిచ్చాడు. మళ్ళీ అక్కడే. మూడోసారి బండిని అక్కడే వదిలేసి, పార పట్టుకుని, నడుములోతు మంచులో ఈదుతున్నట్టు పైకి పాకడం మొదలుపెట్టాడు. అంత పెద్ద మనిషి తెలుపు మీద నల్ల చుక్కయ్యాడు. చుక్క కదులుతోందో లేదో నాకు తెలియలేదు.

"మాట్లాడుతూ ఉండమ్మా, వాణ్ణి నిద్ర పోనివ్వకు" అన్నాడు డుయేన్.

ఏం మాట్లాడను? మేబెల్‌కి కింద పన్ను వస్తోందని చెప్పాను. పొద్దున్న చెప్పిందే. "ఊఁ" అన్నాడు వేడ్. అర్మా నన్ను నెట్టేసిన సంగతి చెప్పాను. ఆ "ఊఁ"లు దూరమవుతూ వచ్చాయి. చివరికి వాకీటాకీలో ఎవరో రొప్పుతున్న చప్పుడు, ఆ వెంటే లైల్ గొంతు. "దొరికాడే. చెవులు పట్టుకునే లాగాల్సొచ్చింది."

కాలు విరగలేదు. రెండు వేళ్ళు మాత్రం కొన్నాళ్ళు మొద్దుబారి ఉన్నాయి.

మర్నాడు చిక్కుళ్ళూ మాంసమూ ఉడికించిన చిల్లీ గిన్నె ముందు పెట్టి నేను అన్నాను. "లైల్ ఉన్నాడుగా అంటావు. వాడు రాలేని చోటికి నువ్వు పోతే వాడు ఉన్నా లేనట్టే కదా వేడ్. నువ్వు కట్టింది బండి కాదు, ఒంటరితనం."

వేడ్ చెంచా అందుకున్నాడు. చిల్లీ తిన్నాడు, గిన్నె కడిగాడు, కుంటుకుంటూ షెడ్డుకి వెళ్ళాడు. బండి మీద కోపం నా మీదికి తిరిగిందనుకుని ఆ పూటంతా పిల్లని దింపకుండా తిరిగాను.

సాయంత్రం షెడ్డులోంచి లైల్ అరుపులు వినిపించాయి. "నా బండి ముట్టుకున్నావంటే చేతులు విరుస్తా!"

వెళ్ళి చూద్దును కదా, పొడుగు బెల్టు, దాని పట్టాలతో సహా, లైల్ బండి కిందికి చేరుతోంది. టర్బో బల్ల మీద ఉంది. వేడ్ బండికి పాత బెల్టు వచ్చేసింది, బంపరూ వచ్చేసింది.

"బరువు నీది బావా, తేలాల్సింది నువ్వు. పొడుగుది నాకెందుకు?"

"నాకు పాతదే అలవాటురా!"

"మార్చుకో. నిన్న నువ్వు నడిచొచ్చావు. నేను నీ కోసం అలా నడవలేను, నాకంత ఊపిరి లేదు."

లైల్ నమలడం ఆపాడు, బకెట్టు జరిపి పానా అందుకున్నాడు.

నెలాఖరుకి మళ్ళీ అదే వాలుకి వెళ్ళాం. లైల్ గీత వేడ్ గీత కంటే పైకి పోయింది. దిగొచ్చి వేడ్ బండికి ఏవో స్ప్రింగులు బిగించారు, మళ్ళీ ఎక్కారు. ఈసారి వేడ్‌ది కొంచెం ఎక్కువైంది. మళ్ళీ దిగి, పొయ్యి పక్కన కూర్చుని, ఏం తిప్పాలో వాదించుకున్నారు. ఇలాంటి పోటీని డుయేన్ తన జన్మలో చూడలేదట.

"ఎవడు గెలుస్తున్నాడే అమ్మాయ్?" అని నన్నడిగాడు.

మధ్యాహ్నం ఎండలో చూశాను. కొండ మీద పక్కపక్కనే రెండు కొత్త గీతలు. రెండూ ఒకే చోటికి ఎక్కి, ఒకే చోట తిరిగాయి.

"ఇంకేం తిప్పకండి! అలాగే ఉండనివ్వండి!" అని గుడిసె గుమ్మంలోంచి అరిచాను.